విక్టోరియా కాలపు డ్రెస్సింగ్ కేసు: తూకంతో తేలని వెండి

మన ఇళ్లలో వెండి అంటే తూకమే. పాత కంచం సొట్టపడితే షాపుకు తీసుకెళ్తాం, తరుగు ఎంత తీశాడు, మజూరీ ఎంత వేశాడు అని కాసేపు బేరమాడి కొత్త కంచంతో ఇంటికొస్తాం, పాతది కరిగిపోతుంది. ముత్తవ్వ కాలం నాటి గంధపు గిన్నో, పన్నీరు బుడ్డో ఇవాళ చూద్దామన్నా దొరకకపోవడానికి పెద్ద కారణం ఇదే. ఈ అలవాటు ఎంత గట్టిదంటే, లండన్ వేలాల్లో కనిపించే విక్టోరియా కాలపు డ్రెస్సింగ్ కేసు ఫొటో చూపించినా మనవాళ్లు మొదట అడిగేది "వెండి ఎంతుంటుంది?" అనే. నిజానికి చాలా కొంచెమే ఉంటుంది. మరి అంత ధర ఎందుకు పలుకుతుంది, చూడ్డానికి అలాగే ఉన్న ఇంకో పెట్టె అదే వేలంలో కారుచౌకగా ఎందుకు పోతుంది? రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే గానీ, అది తెలియాలంటే పెట్టెను విడదీసి చూడాలి.

ముందు వస్తువేంటో చెప్పుకుందాం. ఇది ప్రయాణాల్లో వెంట తీసుకెళ్లే అలంకరణ పెట్టె. సుమారు అడుగు వెడల్పున్న చెక్క పెట్టె, అంచులకు ఇత్తడి పట్టీలు, లోపల మఖమలూ తోలూ అస్తరు. మూత ఎత్తితే వరసగా కోత గాజు సీసాలు, గిన్నెలు, ఒక్కోదానికీ వెండి మూత. సబ్బుకొకటి, పళ్లపొడికొకటి, కోల్డ్ క్రీముకొకటి, సెంటుకు రెండో మూడో, బ్రష్షులకు పొడుగాటివి. దానికింద ముత్యపు చిప్ప పిడులున్న చిన్న చిన్న పనిముట్లు: గోళ్ల ఆకురాయి, పట్టకారు, బూట్ల గుండీలు లాగే కొక్కెం, గుబిలి తీసే పుల్ల కూడా. మన పోపుల పెట్టె గుర్తుచేసుకోండి, అందులో ఒక గిన్నె పోతే బజారు నుంచి ఇంకోటి తెచ్చినా అది సరిగ్గా కూర్చోదు. ఇక్కడా అంతే, ప్రతి సీసా దాని గూటి కొలతకే చేయించింది. ఈ ఒక్క లక్షణమే దాని విలువనంతా నడిపిస్తుంది.

చాలా పెట్టెల్లో కంటికి కనపడనివి కూడా ఉంటాయి. లోపలి అంచున ఉన్న చిన్న బొత్తాం నొక్కితే కింద నుంచి నగల సొరుగు స్ప్రింగుతో బయటికొస్తుంది. మూతలోని అద్దాన్ని క్లిప్పు నొక్కి తీస్తే వెనకాల ఉత్తరాలు దాచుకునే జేబు కనిపిస్తుంది. అద్దం వెనక కాలు విప్పితే టేబుల్ మీద నిలబడుతుంది.

ఇవి మొదట ఆడవాళ్ల కోసం పుట్టినవి కావు. 18వ శతాబ్దం చివర్లో గుర్రపు బండ్లలో రోజుల తరబడి తిరిగే ఇంగ్లీషు పెద్దమనుషులకు క్షౌరం సామాను పెట్టుకోడానికి చేసినవే ఎక్కువ. ఫ్రాన్సులో రాజవంశం వాళ్లకు ఇంకా భారీవి ఉండేవి. మేరీ ఆంటోనెట్ అలాంటి పెద్ద ప్రయాణపు పెట్టె సిద్ధం చేయిస్తుంటే, రాణి పారిపోయే ఆలోచనలో ఉందని దగ్గరి పనిమనిషికే అనుమానం వచ్చిందని ఆ కాలపు జ్ఞాపకాల్లో ఉంది. ఆ అనుమానం తప్పేం కాదు, 1791 జూన్‌లో కుటుంబమంతా పారిస్ వదిలి వారెన్ అనే ఊళ్లో పట్టుబడ్డారు. ఇంగ్లండులో మాత్రం 1840ల తర్వాత ఆడవాళ్ల పెట్టెలదే రాజ్యం. రైళ్లు వచ్చాయి, ఊళ్లలో ఉన్న బంధువుల బంగళాలకు వారాంతాల్లో వెళ్లడం ఫ్యాషనైంది, వెళ్లినచోట డ్రెస్సింగ్ టేబుల్ మీద ఈ పెట్టె తెరిచి పెట్టడం హోదా అయింది. మోసేది మనం కాదు కదా, నౌకర్లు ఉన్నారు. ఆ నౌకర్లు తగ్గిపోయాక, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, అంత బరువు పెట్టె ఎవరికీ అక్కర్లేకపోయింది. అంతకుముందే తోలు బ్యాగులు, మొసలి చర్మం కేసులు దాని చోటు ఆక్రమించడం మొదలైంది.

అమ్మిన షాపుల్లో అందరికీ తెలిసిన పేరు యాస్‌ప్రే. 1781లో మొదలై, 1847లో లండన్‌లోని న్యూ బాండ్ స్ట్రీట్‌కు వచ్చింది. బెట్జెమాన్ అనే కుటుంబ కంపెనీ పెట్టెల పనితనానికి పేరుపడింది. తర్వాత బ్రిటన్ ఆస్థాన కవి అయిన జాన్ బెట్జెమన్ ఆ ఇంటివాడే, కాకపోతే ఆ వ్యాపారం తనవల్ల కాదని తప్పుకున్నాడు. లెడెన్‌హాల్ స్ట్రీట్‌లో మెకీ అని ఇంకొకాయన ఉండేవాడు. ఆయన డబ్బంతా మంగలి కత్తి నూరుకునే "మ్యాజిక్" తోలు పట్టీ మీద సంపాదించిందే. 1850ల్లో క్రిమియా యుద్ధం తర్వాత ఇంగ్లీషు మగాళ్లందరూ గడ్డాలు పెంచడం మొదలుపెట్టేసరికి పాపం ఆ అమ్మకాలు పడిపోయాయి.

చెక్క, తాళం

మంచి పెట్టెల గురించి రాసేటప్పుడు వేలం కేటలాగుల్లో "కోరమాండల్" అని కనిపిస్తుంది. ఆ పేరు మన తీరానిదే, మచిలీపట్నం రేవు ఉన్న తీరం. కానీ చెక్క ఎక్కువగా శ్రీలంకది. గోధుమరంగు మీద నల్లటి చారలుండే ఆ చెట్టును విపరీతంగా నరికేయడంతో 19వ శతాబ్దంలోనే కొరత వచ్చింది. దాని దగ్గరి చుట్టం మన అడవుల్లో ఇప్పటికీ ఉంది, బీడీలకు ఆకు కోసే తునికి చెట్టు. దాని నల్లచేవను కూడా ఇంగ్లీషువాళ్లు కోరమాండల్ ఎబొనీ అనే పిలిచారు. ఈ గందరగోళం వల్ల కొందరు మనవాళ్లు పెట్టె మొత్తం ఆంధ్ర నుంచి వెళ్లిన చెక్కతో చేశారనుకుంటారు, అది నిజం కాదు. ఇంకో విషయం, పైకి కనిపించే చెక్క పలుచని పొర మాత్రమే, లోపల మహోగనీయో మామూలు చెక్కో ఉంటుంది. కాబట్టి "గట్టి కోరమాండల్" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోవచ్చు. చూడాల్సింది ఆ పొర ఎక్కడైనా లేచిందా, పగిలిందా, ఇత్తడి పట్టీలు పైకి తేలాయా అన్నది.

తాళం మీద బ్రామా అన్న పేరుంటే ఆ పెట్టె మొదటి యజమాని ఖర్చుకు వెనకాడలేదని అర్థం. జోసెఫ్ బ్రామా 1784లో ఆ తాళానికి పేటెంటు తీసుకున్నాడు. దాన్ని తాళంచెవి లేకుండా తీసినవాడికి 200 గినీలు (అప్పటి ఇంగ్లీషు డబ్బు) ఇస్తామని లండన్ పికడిల్లీలోని షాపు కిటికీలో బోర్డు పెట్టారు. దశాబ్దాల పాటు అది అలాగే ఉంది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు వచ్చిన ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ 16 రోజుల మీద మొత్తం 51 గంటలు కుస్తీపట్టి చివరికి తీశాడు, లండన్ అంతా టెన్షన్ పడిపోయింది, బ్యాంకుల తాళాల సంగతేంటని. మనకు పనికొచ్చే సంగతి మాత్రం వేరు. గొట్టంలా ఉండే ఆ చిన్న తాళంచెవి పోతే మామూలు తాళాలవాడు చేసివ్వలేడు, పొడిచి తెరిస్తే తాళమూ పోతుంది, చుట్టూ ఉన్న చెక్క పొరా పోతుంది. అందుకే పాత తాళంచెవి ఉందంటే ధర పెరుగుతుంది.

మూతల మీద ముద్రలు

ఇక అసలు చిక్కుముడికి వద్దాం. మన దగ్గర బంగారానికి హాల్‌మార్క్ తప్పనిసరి అయింది 2021లో. ఇంగ్లండులో వెండికి నాణ్యత చట్టం 1300లోనే వచ్చింది, 1478 నుంచి ఏ సంవత్సరం పరీక్షించారో చెప్పే అక్షరం కూడా కొట్టడం మొదలైంది. దీనివల్ల ఒక సీసా మూత తిప్పి చూస్తే అది ఏ ఊళ్లో, ఏ ఏడాది పరీక్షకు వెళ్లిందో తెలిసిపోతుంది. ఇంత సదుపాయం మరే పాత వస్తువుకూ లేదనుకుంటాను, కుర్చీకి లేదు, గాజుకు లేదు.

ముందు సింహాన్ని వెతకాలి. కాలు ఎత్తి పక్కకు నడుస్తున్న సింహం ఉంటే అది స్టెర్లింగ్, అంటే వెయ్యికి 925 వంతులు వెండి. 1544 నుంచి ఉన్న ముద్ర. తర్వాత ఊరు. చిరుతపులి ముఖమైతే లండన్, దానికి కిరీటముంటే 1821 లోపుది, లేకపోతే ఆ తర్వాతది. లంగరు బర్మింగ్‌హామ్, కిరీటం షెఫీల్డ్. ఈ రెండూళ్లకు 1773లో ఒకేసారి పరీక్షా కేంద్రాలు మంజూరయ్యాయి. వాటికోసం లండన్ వచ్చి తిరిగినవాళ్లు "క్రౌన్ అండ్ యాంకర్" అనే సత్రంలో కలుసుకునేవాళ్లనీ, నాణెం ఎగరేసి చెరో గుర్తు పంచుకున్నారనీ ఓ కథ ఉంది, నిజమో కాదో గానీ సముద్రానికి అంత దూరంలో ఉన్న బర్మింగ్‌హామ్‌కు లంగరేంటన్న ప్రశ్నకు అంతకంటే బాగున్న జవాబు నేను వినలేదు. మూడోది రాజుదో రాణిదో తల. అది పన్ను కట్టిన గుర్తు, 1784 నుంచి 1890 దాకానే కొట్టారు. తల ఉందంటే ఆ వందేళ్లలోపుదే అని గుడ్డిగా చెప్పొచ్చు.

అందరూ తడబడేది అక్షరం దగ్గర. లండన్‌లో ఏ నుంచి యూ దాకా, మధ్యలో జే వదిలేసి, 20 అక్షరాల చక్రం. ఒక చక్రం అవగానే అక్షరాల రూపం మార్చి మళ్లీ మొదటికి. అంటే లండన్ ముద్రల్లో ఎఫ్ అన్న అక్షరం ప్రతి ఇరవై ఏళ్లకోసారి వస్తుంది. పాత గోతిక్ రాతలో చిన్న ఎఫ్ అయితే 1861, మామూలు రాతలో పెద్ద ఎఫ్ అయితే 1881, మామూలు చిన్న ఎఫ్ అయితే 1901. పైగా అక్షరం మారేది జనవరిలో కాదు, మేలో. ఇక బర్మింగ్‌హామ్ చక్రం వేరు, షెఫీల్డ్ చక్రం వేరు. అందుకే ఊరి గుర్తు చూడకుండా అక్షరాన్ని పట్టుకుని సంవత్సరం చెప్పేవాళ్లను నమ్మకండి. అక్షరం చుట్టూ ఉన్న గడి ఆకారం కూడా పోల్చి చూడాలి. చివరగా రెండు మూడు పొడి అక్షరాలుంటాయి, అవి వెండిని పరీక్షకు పంపినవాళ్ల పేరు. అది చేసిన చేతి పేరే కావాలని లేదు, పెట్టె తాళం పలక మీద ఉన్న షాపు పేరుతో కలవాలనీ లేదు. యాస్‌ప్రే అన్న పేరుతో అమ్ముడైన పెట్టెలో ఎవరో కంసాలి గుర్తు కనిపిస్తే కంగారుపడక్కర్లేదు.

సింహం లేకుండా ఈ-పీ-ఎన్-ఎస్ (ఎలక్ట్రో ప్లేటెడ్ నికెల్ సిల్వర్) అని నాలుగు అక్షరాలు నాలుగు చిన్న గడుల్లో, అచ్చం హాల్‌మార్కులా కొట్టి ఉంటే అది వెండి పూత. 1840లో ఎల్కింగ్టన్ కంపెనీ కరెంటుతో పూత వేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాక ఇవి వరదలా వచ్చాయి. మోసం అనలేం గానీ, దూరం నుంచి చూసి హాల్‌మార్క్ అనుకుంటే అనుకోనీ అన్న ఉద్దేశం కనిపిస్తూనే ఉంటుంది. అంతకుముందు, 1740ల నుంచి, రాగి రేకు మీద వెండి రేకు కలిపి సాగదీసే పాత షెఫీల్డ్ పద్ధతి ఉండేది, వాటికి అరిగినచోట లోపలి రాగి ఎర్రగా తొంగిచూస్తుంది. అన్నీ ఉన్న పూత పెట్టె ఒకటీ, సగం గూళ్లు ఖాళీగా ఉన్న అసలు వెండి పెట్టె ఒకటీ ఎదురుగా ఉంటే నేనైతే పూతదే తీసుకుంటాను.

మన దేశంలో తయారైన ఆ కాలపు వెండికి ఈ పద్ధతేదీ వర్తించదు. మద్రాసు మౌంట్ రోడ్డులోని పి. ఓర్ అండ్ సన్స్ దేవతల బొమ్మలు ఉబ్బెత్తుగా కొట్టిన "స్వామి" వెండికి పేరుపొందింది, కానీ అప్పట్లో ఇక్కడ ప్రభుత్వ పరీక్షా కేంద్రం లేదు, కంపెనీ తన పేరు తనే కొట్టుకునేది. వాటి విషయంలో పేరూ పనితనమే ఆధారం.

అన్నీ ఒకే మాట చెబుతున్నాయా

ముద్రలు చదవడం వచ్చాక పెట్టె ముందు కూర్చుని చేయాల్సిన పని ఇది. ప్రతి మూతనూ తీసి తేదీ అక్షరం చూడాలి. అన్నీ ఒకే ఏడాదివి అయితే సంతోషం, ఒకటి రెండేళ్లు అటూ ఇటూ ఉన్నా ఫర్వాలేదు, షాపువాళ్లు ముందే చేయించి పెట్టుకున్న మూతలు వాడి ఉండొచ్చు. పది మూతలు 1861వి, ఒక్కటి మాత్రం 1881ది అంటే ఆ ఒక్కటీ తర్వాత చేరింది. అలా అని పెట్టె పనికిరాదని కాదు, ధర తగ్గాలి, అంతే. చిన్న ముక్కలకు కొన్నిటికి ముద్ర మినహాయింపు ఉండేది కాబట్టి మరీ బుల్లి మూత మీద ఏమీ లేకపోతే అనుమానించక్కర్లేదు.

తర్వాత పేరు అక్షరాలు. మూతల మీద చెక్కిన మోనోగ్రాము, పెట్టె పైనున్న ఇత్తడి పలక మీద చెక్కిందీ ఒకటే అవ్వాలి, చెక్కిన తీరు కూడా ఒక చేతిదిలా ఉండాలి. పాత అక్షరాలు అరగదీసి కొత్తవి చెక్కితే అక్కడ రేకు పలుచబడుతుంది, బొటనవేలితో మెల్లగా నొక్కితే తెలుస్తుంది. నోటితో ఆవిరి ఊదితే చెరిపేసిన గీతలు ఒక్క క్షణం కనిపిస్తాయి, వేలం గదుల్లో వెండి మీద ఊదుతూ కనిపించేవాళ్లు చేసేది అదే. ఇక గాజు: సీసా గూట్లో వదులుగా ఆడుతోందా, కోత నమూనా మిగతావాటితో కలుస్తోందా, మూత కింద మెడ అంచు చిట్లిందా. ఈ చిట్లిన మెడల్ని అమ్మేవాళ్లు ఫొటోల్లో ఎప్పుడూ చూపించరు, మూత పెట్టే ఉంచుతారు.

ఇలా వెండి, గాజు, చెక్క, తాళం, పేరు అన్నీ ఒకే ఇంటివి అని తేలిన పెట్టెకే ఆ పెద్ద ధర. ఎందుకంటే అలాంటివి మిగిలింది తక్కువ. 1980 జనవరిలో అమెరికాలోని హంట్ సోదరులు వెండి కొనిపోగేయడంతో ఔన్సు ధర 50 డాలర్ల దగ్గరికి వెళ్లినప్పుడు, పాత వెండి టన్నుల కొద్దీ కరిగిపోయింది. మార్చి చివరికల్లా ధర కుప్పకూలింది గానీ కరిగింది తిరిగిరాదు కదా. పెట్టెల నుంచి మూతలు ఊడదీసి తూకానికి అమ్మేశారు, గాజు సీసాలు విడిగా పోయాయి, ఖాళీ పెట్టెలు నగల పెట్టెలుగా మారాయి. వెండి ధర పెరిగిన ప్రతిసారీ ఇది ఎంతోకొంత జరుగుతూనే ఉంటుంది. ఇందులో ఉన్న వింత ఏంటంటే అలా కరిగించినవాడికి వచ్చేదీ కొంచెమే. మూతలు పలుచని రేకు. బ్రష్షు వెనక వెండి ఇంకా పలుచన, దాని లోపల ఉన్నది చెక్కా, రాళ అనే చెట్టు బంకా. చేతిలో బరువుగా ఉంది కదా అని లెక్కేస్తే రాళ బరువుకు వెండి ధర కట్టినట్టే.

చట్టం సంగతి

బయటి దేశం నుంచి కొనాలనుకునేవాళ్లు దంతం విషయంలో జాగ్రత్తపడాలి. ఈ పెట్టెల్లో బ్రష్షులు, పనిముట్ల పిడులు చాలాసార్లు ఏనుగు దంతంతోనో తాబేటి చిప్పతోనో ఉంటాయి. మన వన్యప్రాణి చట్టం కింద వాటి వ్యాపారం నిషేధం, వందేళ్ల పాతది కదా అంటే కుదరదు. బ్రిటన్‌లోనూ 2018 దంతం చట్టం 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చింది. 1947కు ముందుదై, వస్తువులో దంతం పది శాతంలోపే ఉండి, అది దానిలో విడదీయరాని భాగమైతే రిజిస్టర్ చేసి అమ్ముకోవచ్చు, పూర్తి దంతంతో చేసిన బ్రష్షుకు ఆ వెసులుబాటు వర్తించదు. కొన్నిసార్లు దంతంలా కనిపించేది సెల్యులాయిడ్ అనే తొలినాటి ప్లాస్టిక్ అవుతుంది, 20వ శతాబ్దం మొదట్లో అవి ఎక్కువ. అసలు దంతానికి తెగిన చివర ఒకదాన్నొకటి అడ్డంగా కోసే సన్నని గీతలుంటాయి, సెల్యులాయిడ్ గీతలు మరీ పద్ధతిగా, సమాంతరంగా ఉంటాయి. ఎముకకైతే చిన్న చిన్న నల్ల చుక్కలు.

రెండోది ఇక్కడి నుంచి పంపేవాళ్లకు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాకృతులు, పనితనపు వస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి, వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. అమెరికాలో ఉన్న కూతురికి ముత్తవ్వ పన్నీరు బుడ్డి సూట్‌కేసులో పెట్టి పంపేద్దాం అనుకునే అమ్మలు మనలో చాలామందే ఉన్నారు. వస్తువు అంత పాతది కాదనుకుంటే భారత పురావస్తు శాఖకు చూపించి, ఇది పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ తీసుకుని పంపడం మేలు.

మొదలుపెట్టేవాళ్లకు

మొదటే పూర్తి పెట్టె మీదికి వెళ్లొద్దు. పెట్టె నుంచి విడిపోయిన ఒక్క గాజు గిన్నె, వెండి మూత మీద ముద్రలన్నీ స్పష్టంగా ఉన్నది కొనండి. చౌకగా దొరుకుతాయి, చేతిలో పట్టుకుని చదవడం అలవాటవుతుంది. ఆ కాలపు యూరప్ గాజు, వెండి పనితనం కొనకుండానే చూడాలంటే హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం ఉండనే ఉంది.

ఇంటికి తెచ్చాక విభూతి, టూత్‌పేస్ట్ పెట్టి రుద్దకండి. మన పూజ సామానుకు అది సరిపోతుంది గానీ ఇక్కడ ప్రతి రుద్దుడుకీ ముద్ర కొంచెం అరుగుతుంది. ముద్ర అరిగిన మూతకు తూకమే గతి. కొన్ని మూతలకు బంగారు పూత ఉంటుంది, సోకుకే కాదు, లోపలి పదార్థాలకు వెండి నల్లబడకుండా కూడా. దాన్ని పాలిష్ చేస్తే పూతే పోతుంది. వేడినీళ్లలో బ్రష్షు ముంచితే లోపలి రాళ కరిగి బయటికొస్తుంది. మెత్తటి పొడి గుడ్డ చాలు, కొంచెం నల్లదనం ఉంటే ఉండనివ్వండి.

ఆన్‌లైన్‌లో పూర్తి పెట్టె కొనే రోజు వచ్చినప్పుడు అమ్మేవాళ్లను నాలుగు ఫొటోలు అడగండి: మూతలన్నీ తిప్పి వరసగా పెట్టి ముద్రలు కనిపించేలా ఒకటి, మూతలు తీసిన సీసాల మెడలు ఒకటి, సీసాలన్నీ తీసేసిన ఖాళీ గూళ్లు ఒకటి, నగల సొరుగు తెరిచి తాళంచెవి పక్కన పెట్టి ఒకటి. పంపడానికి నసిగితే ఇంకో పెట్టె చూసుకోవడమే.